ఆరు కాలేజీల కప్పూ, నా ‘చూద్దాం’ రోగమూ

ఈ వారం టీకి మా టీము వాళ్ళు ఒక్కళ్ళూ రాలేదేం అని అడిగారు కదా? రారు. ఇప్పట్లో రారు. నా ఫోను కూడా ఎత్తడం లేదు. ఎందుకో చెప్తాను గానీ మధ్యలో నవ్వకూడదు. మా ఆవిడ నవ్వింది చాలు.

తెలియనివాళ్ళ కోసం ముందు మా కప్పు సంగతి చెప్పాలి. అక్కడ మన ఊళ్ళల్లో ఇంజనీరింగ్ చదివి ఇక్కడ దుబాయ్, షార్జాల్లో ఉద్యోగాలు వెలగబెడుతున్న ఆరు కాలేజీల వాళ్ళం ఉన్నాం. కాలేజీకో క్రికెట్ టీము. ఎండలు తగ్గాక ఏడాదికోసారి షార్జా అవతల గ్రౌండు బుక్ చేసుకుని, ఒక్క రోజు, పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా ఆడేసుకుంటాం. దాని పేరు ఆరు కాలేజీల కప్పు. మా కాలేజీకి కెప్టెన్ని నేనే, కమిటీలోనూ నేనే. బ్యాటింగ్ ఎలా చేస్తానని అడక్కండి. మీటింగుల్లో బాగా ఆడతాను.

ఈ ఏడాది మీటింగు షార్జా రోలాలో ఒక కెఫెటేరియాలో పెట్టాం. కరక్ చాయ్‌లు వచ్చాక మా ప్రెసిడెంట్ భాస్కర్ అన్న గొంతు సవరించుకున్నాడు. వరంగల్ మనిషి, వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, ఆయన మాటంటే అందరికీ గురి.

“ఇంకో రెండు టీములు ఒస్తమంటున్నయ్. ఒకటి జెబెల్ అలీ గోదాములల్ల పనిచేసే మన పోరగాండ్లది, కరీంనగర్ దిక్కు డిగ్రీ కాలేజ్. ఇంకోటి గోదావరి దిక్కు పాలిటెక్నిక్, జర పెద్దమనుషులు. తీసుకుందామా, వద్దా?”

అంతే, నేను లేచాను. లేవకపోయినా బాగుండేది.

“అన్నా, పేరులోనే ఆరు ఉంది! ఎనిమిది టీముల్ని పెట్టుకుని ఆరు కాలేజీల కప్పు అంటే జనం నవ్వరా?”

“పేరు మారుద్దాం రమణా” అన్నారెవరో.

“కప్పు మీద చెక్కించాం కదండీ! అదీ కాక, పదకొండింటికల్లా గ్రౌండు వదిలెయ్యాలి. ఎక్కడ ఇరికిస్తాం? ఇవాళ డిగ్రీ అంటారు, రేపు ఇంటర్ అంటారు, ఎల్లుండి ట్యుటోరియల్ కాలేజీ అంటారు. ఆ తర్వాత ఎల్కేజీ బ్యాచ్‌మేట్లు కూడా జెర్సీలేసుకుని వస్తారు! ఒక స్టాండర్డ్ అంటూ ఉండాలా, వద్దా?”

ఆ ‘వద్దా’ దగ్గర బల్ల మీద కొట్టాను. పక్కాయన చాయ్ పక్కాయన ప్యాంటు మీదే పడింది. ఓటింగు పెడితే నలుగురు వద్దన్నారు, ఇద్దరు రమ్మన్నారు. నేనే గెలిపించానని మహా పొంగిపోయాను!

అప్పుడు భాస్కర్ అన్న అన్నాడు: “మంచిది. గట్టిగ మాట్లాడినవ్ గదా, నువ్వే పోయి చెప్పు. ఫోన్ల వద్దు, మెసేజ్ అసలే వద్దు. మనోళ్ళు. మొఖం జూసి మర్యాదగ చెప్పి రా.”

అక్కడ దొరికిపోయాను. మీలో కొందరికి తెలుసు, నేను గుంపులో పులిని. ఎదురుగా మనిషి కూర్చుని నా కళ్ళలోకి చూస్తే ఖలాస్! ‘కాదు’ అనే మాట గొంతు దాటదు.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ లలిత దోసెల పిండి కలుపుతూనే అంది: “మీరా? వద్దని చెప్పడానికి మీరా? మా పిన్ని కొడుకు వారం రోజులు మన ఇంట్లో ఉంటానంటే, కుదరదని చెప్పి రండని పంపాను. మంచం కొనుక్కొచ్చారు.”

“అది చుట్టరికం. ఇది కమిటీ నిర్ణయం” అన్నాను.

మొదట జెబెల్ అలీ. ఆఫీసు అయ్యాక వెళ్ళాను. ఆ టీము కెప్టెన్ నరేష్, ఇరవై ఆరేళ్ళుంటాయేమో, గేటు దగ్గరే ఎదురొచ్చాడు. లోపల చూస్తే టీము టీమంతా ఉంది! డ్యూటీ దిగి, యూనిఫారాలు కూడా విప్పకుండా నాకోసం కూర్చున్నారు. నాకో కుర్చీ, చేతిలో లబన్ మజ్జిగ గ్లాసు, ఎదురుగా వేడి వేడి మిర్చిబజ్జీలు.

“ఈసారి కొంచెం టైట్‌గా ఉంది నరేష్” అని మొదలెట్టాను.

“ఏం గాదన్నా, అడ్జస్ట్ అయితం. నాలుగు ఓవర్లిచ్చినా ఆడుతం.”

“అది కాదు... కమిటీలో కొంతమంది...”

“కమిటీల నువ్వున్నవ్ గదన్నా! మాకేం బుగులు?”

ఒకతను బజ్జీల పళ్ళెం నా వైపు జరుపుతూ అడిగాడు, “జెర్సీలు కుట్టియ్యాల్నా అన్నా?” అని. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ‘వద్దు’ అనాలి. అంతే కదా! రెండక్షరాలు. నోరు తెరిచాను.

“ఆకుపచ్చ మాత్రం వద్దు. అది మాది.”

చూశారా, ‘వద్దు’ అన్నానా లేదా? అన్నాను. కానీ రంగుని అన్నాను! వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను గాభరా పడి, లేస్తూ లేస్తూ, “ఏదైనా... చూద్దాం” అనేసి కారెక్కాను. దారంతా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తెలుగువాడు ‘చూద్దాం’ అన్నాడంటే కాదనే కదా! ఇల్లు అద్దెకివ్వడం దగ్గర్నుంచి పెళ్ళి సంబంధం దాకా అదే కదా అర్థం! వాళ్ళకి మాత్రం తెలియదా?

రెండోది అల్ నహ్దాలో ప్రకాశరావు గారి ఫ్లాటు. పాలిటెక్నిక్ టీము కెప్టెన్ ఆయనే, యాభై దాటిన మనిషి. తలుపు తీసింది జయ గారు, ఆయన భార్య. “రండి తమ్ముడూ” అంది. ఆ ఒక్క మాటతో నేను సగం అయిపోయాను. పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి! మొదటి అట్టు మధ్యలో చెబుదామనుకున్నాను. ఆవిడ రెండోది వేసింది. రెండో అట్టు అయ్యాక చెబుదామంటే ఆయన మోకాలికి వేసుకునే పట్టీ పట్టుకొచ్చి చూపించారు.

“ఇదిగోనండీ, కొత్తది కొన్నాను. డాక్టరు ఇంకో ఏడాది తర్వాత పరుగులు మానెయ్యమన్నాడు. మా బ్యాచ్ వాళ్ళందరిదీ ఇదే పరిస్థితి. ఈ ఒక్కసారి మీ కప్పులో ఆడేస్తే చాలు. ఇంతకీ ఏమన్నారండీ మీవాళ్ళు?”

పెసరట్టు నోట్లో పెట్టుకుని మోకాళ్ళ మీద ఎలా కొట్టను చెప్పండి? “ఆ రోజు గ్రౌండు దగ్గర కూర్చుని మాట్లాడుకుందామండీ, చూద్దాం” అన్నాను. “ఎన్నింటికి తమ్ముడూ?” అంది జయ గారు. “ఆరింటికి” అన్నాను. అడిగారు కదా, చెప్పకపోతే ఏం బాగుంటుంది?

ఇక మూడోది అసలు నా లెక్కలోనే లేదు. మా బిల్డింగులోనే ఉండే సురేష్ లిఫ్టులో కనిపించి, “మా ఎంసీఏ కాలేజీ వాళ్ళం కూడా టీము కడదామనుకుంటున్నామండీ” అన్నాడు. “అయ్యో, తప్పకుండా!” అన్నాను. లిఫ్టులో మనిషితో ఇంకేమంటాం?

భాస్కర్ అన్న ఫోన్ చేశాడు. “చెప్పినవా?”

“చెప్పేశానన్నా.”

“ఏమన్నరు? బాధ పడ్డరా?”

“లేదన్నా. అర్థం చేసుకున్నారు.”

మ్యాచ్ రోజు వచ్చింది. పొద్దున్నే ఆకుపచ్చ జెర్సీ వేసుకుని, టోపీ పెట్టుకుని, దర్జాగా గ్రౌండులో దిగాను. ఆరు టీములూ వచ్చాయి. డ్రా తీయబోతున్నాం. అప్పుడు దూరంగా డప్పు చప్పుడు వినబడింది.

రెండు వ్యాన్లు లోపలికొచ్చాయి. నరేష్ టీము! నీలం జెర్సీలు. ఆకుపచ్చ కాదు, నా మాట గౌరవించారు. వాళ్ళ వెనకే నాలుగు కార్లు. ప్రకాశరావు గారి బృందం మోకాళ్ళకి పట్టీలతో, పెళ్ళాం పిల్లలతో దిగింది. జయ గారి చేతుల్లో ఇంత పెద్ద పులిహోర గిన్నె. వాళ్ళ వెనకాల సురేష్, పది మందిని వెంటేసుకుని నాకు చెయ్యి ఊపుతున్నాడు.

అక్కడితో అయిపోతే నేను మీకీ కథ చెప్పేవాణ్ణే కాదు. నరేష్ వాళ్ళు వ్యాన్లోంచి ఏదో చుట్ట దింపి విప్పారు. ఫ్లెక్సీ! ఇద్దరు చెరో చివరా పట్టుకుని నిలబెట్టారు. దాని మీద నిలువెత్తు నేను. నా వాట్సాప్ ఫోటో, ఒంటె పక్కన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నది. కింద ఇంతింత అక్షరాలు: ‘మమ్మల్ని కప్పులోకి ఆహ్వానించిన మా రమణ అన్నకు ధన్యవాదాలు.’

భాస్కర్ అన్న ఆ ఫ్లెక్సీ ముందుకెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కొక్క మాటా పైకి చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“రమణా, ఇదేంది?”

“చూద్దాం అన్నానన్నా...”

“నువ్వే గదయ్యా బల్ల గుద్ది మరీ వద్దంటివి! నీ మాట మీదనే గదా అందరు వద్దన్నరు!”

గట్టిగానే అన్నాడు. డప్పు ఆగిపోయింది. నరేష్ విన్నాడు. అతని మొహం చూడాలి... నేను చూడలేకపోయాను, నా బూట్ల వంక చూశాను. అతను దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

“మా కంపెనీ ముదీర్‌ను బతిమిలాడి అందరం లీవులు తీస్కున్నం అన్నా. వద్దని ఒక్క మాట అంటే అయిపోతుండె గదా. మేమేమన్న అనుకుందుమా?”

తిట్టినా బాగుండేది. అవతల ప్రకాశరావు గారు కుర్చీలో కూర్చుని మోకాలి పట్టీ విప్పుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అంత పెద్ద గ్రౌండులో తల దాచుకోవడానికి ఆ ఫ్లెక్సీ వెనకాల తప్ప చోటు లేదు, దాని ముందు చూస్తే మళ్ళీ నేనే.

“సరే, నేనే చెప్తా” అని భాస్కర్ అన్న వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. పది నిమిషాలకి తిరిగొచ్చాడు. చేతిలో పులిహోర ప్లేటుంది.

“ఎట్ల చెప్పాల్నయ్యా? ఆ అక్క పులిహోర పెట్టింది గదా!”

వద్దని ఓటేసిన మిగతా వాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే వెళ్ళారు. ఒక్కొక్కళ్ళే మూతి తుడుచుకుంటూ వచ్చారు. ఆఖరికి ఓవర్లు తగ్గించి అందరినీ ఆడించేద్దామని తేల్చారు. కానీ టీములు తొమ్మిది! తొమ్మిదికి డ్రా కుదరదు, ఎనిమిదైతే పదకొండింటికి సరిపోతుంది. ఒక టీము తప్పుకోవాలి. ఎవరు? అందరూ ఫ్లెక్సీ వంక చూశారు.

“సరే” అన్నాను. “మా టీమే తప్పుకుంటుంది.”

“మరి మీవాళ్ళకెవరు చెప్తారు?” అన్నాడొక కెప్టెన్. “వీణ్ణి మాత్రం పంపకండి బాబోయ్! ఫైనల్‌కి వచ్చామని చెప్పొస్తాడు!”

నాకు రోషం పొడుచుకొచ్చింది. “నా టీము. నేనే చెప్తాను” అని విసురుగా వెళ్ళాను.

మా వాళ్ళు ఆ మూల ప్యాడ్లు కట్టుకుని రెడీగా ఉన్నారు. మా ఓపెనర్ మూర్తి, నా క్లాస్‌మేటే, కొత్త బ్యాటు ఆడిస్తూ నవ్వాడు. “ఏరా, మనది ఎన్నో మ్యాచ్? ఈసారి కొడుతున్నాం రా కప్పు!” అన్నాడు. పది మంది కళ్ళు నా మీదే ఉన్నాయి.

“చూద్దాం రా” అన్నాను.

మొదటి మ్యాచ్ అయ్యింది. “మనదేనా?” అన్నారు. “ఇది కూడా అవ్వనీ, చూద్దాం” అన్నాను. ఎండ పైకొచ్చింది. ప్యాడ్లలో చెమటలు కారుతున్నాయి. భాస్కర్ అన్న దూరం నుంచి “చెప్పినవా?” అని సైగ చేశాడు. తలూపాను. అవతల ప్రకాశరావు గారు పట్టీ మళ్ళీ కట్టుకుని, ఒక ఫోరు కొట్టి, పరిగెత్తక్కర్లేదని నవ్వుతూ నిలబడ్డారు. నరేష్ వాళ్ళ డప్పు మళ్ళీ మోగింది. నాకు కాస్త ఊపిరాడింది. అంతలో మూర్తి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

“ఏరా, అక్కడ ఫైనల్ అంటున్నారు. మనం ఇంకా మొదటి మ్యాచే ఆడలేదు కదా?”

నేను నీళ్ళు నములుతూనే ఉన్నాను. ఫైనల్ అయిపోయింది, నీలం జెర్సీలు కప్పెత్తాయి. గ్రౌండు చూసుకునే అతను వచ్చి వికెట్లు పీకేసి, మా వాళ్ళ వంక చెయ్యి ఊపాడు. “ఖలాస్, ఖలాస్! యల్లా!” అన్నాడు. పొద్దుట్నుంచీ నేను చెప్పలేక చచ్చిన మాట! మా వాళ్ళు ప్యాడ్లు విప్పి, నా కాళ్ళ దగ్గర పడేసి కార్లెక్కి వెళ్ళిపోయారు. నరేష్ మాత్రం వచ్చి, ఫ్లెక్సీ చుట్టి నా చేతిలో పెట్టాడు. “నీ ఫోటో అన్నా. మేమేం జేసుకుంటం” అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

నిన్న సాయంత్రం భాస్కర్ అన్న మా ఇంటికొచ్చాడు. ఫోన్ చెయ్యలేదు, మెసేజ్ పెట్టలేదు, స్వయంగా వచ్చాడు. లలిత పెసరట్టు వేసింది. తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు. పిల్లల చదువులు అడిగాడు, నా వంక రెండు మూడుసార్లు చూశాడు, నోరు తెరిచాడు, మంచినీళ్ళు తాగాడు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

“అన్నా, వచ్చే ఏడాది కూడా నేను కమిటీలో ఉన్నట్టే కదా?”

ఆయన చెప్పులేసుకుంటూ, నా మొహం చూడకుండా, ఎంతో మర్యాదగా అన్నాడు.

“సూద్దాం తియ్ రమణా.”

ఆ మాటకి అర్థమేంటో ఈ దుబాయ్ మొత్తం మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు?