మార్తమ్మ కుండలో నీళ్ళు

మీ ఇంట్లో బాలింత దాహమని అడిగితే మీరు మంచినీళ్ళు ఇవ్వరు. ఆపరేషను కోత పడి పడుకున్న మనిషి అడిగినా ఇవ్వరు. కాదని తల ఊపకండి... సభలో స్వాతంత్ర్యం గురించి గొంతు చించుకొని వచ్చి, ఇంట్లో నీళ్ళచెంబు చెయ్యి అందకుండా ఎత్తిపెట్టే పెద్దమనుషులను చాలామందిని చూశాను.

మా చిన్నతనంలో... జర్మనీ యుద్ధం ఇంకా రాని రోజుల్లో... ఉచ్చకు పోవాలంటే గోడ పట్టుకొని ఏడ్చేవాణ్ణి. మూత్రసంచిలో రాయి. మా కడప వైపు మగపిల్లలకు అది కొత్త జబ్బేమీ కాదు. ఎండాకాలం బావులు అడుగంటితే ఉప్పునీళ్ళే గతి, అవి కూడా గొంతు తడుపుకోవడానికి మాత్రమే.

నాయన మగ్గం దిగి, నన్ను ఎద్దులబండిలో పడుకోబెట్టి మిషనాసుపత్రికి తీసుకుపోయాడు. వెంట అమ్మ, నాయన తల్లి అయిన మా జేజి.

మరునాడు కోత, రాయి తీసేస్తామన్నారు. కట్లు కట్టే డ్రస్సరు మావాళ్ళకు అర్థమయ్యే మాటే వాడాననుకున్నాడు.

"పిల్లోడు రేపు ఒక్కపొద్దుండాల."

కడుపు ఖాళీగా ఉండాలని ఆయన ఉద్దేశం. మత్తుమందు పీల్చాక వాంతి అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. మా ఇంట్లో ఒక్కపొద్దంటే అన్నం, సంగటి ముట్టకూడదు... అంతే కదా! తెల్లవారగానే జేజి నాకు తలకు పోసి, దేవుణ్ణి తలచుకొని, పాలు తాపి, అరటిపండ్లు పెట్టి, ఒడి నిండా పుట్నాలు, బెల్లం పోసింది.

డ్రస్సరు వచ్చి చూసేసరికి నేను నములుతున్నాను.

"ఏందమ్మా ఇది? ఒక్కపొద్దుండమంటే!"

"ఉండాడు గదప్పా! మెతుకు ముట్టింటే నా మీద ఒట్టు."

కోత ఆ రోజుకు ఆగిపోయింది. మరో పగలు, మరో రాత్రి గోడ పట్టుకొని ఏడ్చాను. ఈ తప్పు జేజిదని నేననను. ఎందుకో చెప్పకుండా ఏం చేయాలో మాత్రమే చెప్పే చదువుది.

తర్వాత జరిగింది మాత్రం వేరు.

కోత అయ్యి మెలకువ వచ్చేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంది. నీళ్ళు బాగా తాపండి, ఎంత తాగితే లోపల అంత శుభ్రపడుతుందని దొర డాక్టరు వచ్చీరాని తెలుగులో చెప్పి పోయాడు. ఈసారి కారణం కూడా చెప్పాడు.

జేజి ఇవ్వలేదు.

"పచ్చిపుండుకు నీళ్ళు తాపితే చీము పడ్తాది. నాకు తెలీదా?"

తడిగుడ్డ పెదవులకు అద్దేది. డాక్టరు అడిగితే "తాపుతాండామయ్యా" అనేది. నా ఒళ్ళు కాలిపోతోంది. గది మూలన కాచి చల్లార్చిన నీళ్ళ కుండ... మూత మీద గ్లాసు... నా కళ్ళు దాని మీదే.

ఆ కుండ నింపేది ఆసుపత్రిలో పనిచేసే మార్తమ్మ. మాలపేట నుంచి కిరస్తానంలో కలిసిన కుటుంబం.

అమ్మ మెల్లగా అడిగింది. "అత్తా, ఈ ఊర్లో మనోళ్ళింటి నుంచి చెంబుడు నీళ్ళు తెప్పిస్తే?"

"అట్లయితే రెండు గుక్కలు తాపు. దోసం లేదు."

విన్నారా? మనవాళ్ళ చెంబయితే చీము పట్టదట! పుండుకు పడనిది నీళ్ళు కాదు... మార్తమ్మ చెయ్యి.

మార్తమ్మ కూడా విన్నది. ఊడుస్తున్న చీపురు ఆపి జేజి ముందు నిలబడింది.

"కోసేటప్పుడు పిల్లోని కాళ్ళు పట్టుకున్నది ఈ చేతుల్తోనే జేజీ. ఆ కాళ్ళు ఇంటికి తీస్కపోతావా, ఈడనే ఇడ్సిపోతావా?"

పక్క మంచం ముసలాయన పకపకా నవ్వాడు. జేజి ముఖం తిప్పుకుంది. అత్త ఎదుట ఏనాడూ గొంతెత్తని అమ్మ లేచి, కుండలో గ్లాసు ముంచి, నా తల కింద చెయ్యి పెట్టి తాపింది. పొగవాసన నీళ్ళు... ఇంకో గ్లాసు... ఇంకోటి...

బతికాను.

ఇంటికి వచ్చాక జేజి వీధి వీధంతా చెప్పుకుంది. "సుక్క నీళ్ళు తాపకుండా కాపాడుకుంటి పిల్లోన్ని." కాదు, అమ్మ తాపిందని నేను అరిచాను. "మత్తులో కలవరించినాడులే" అని నవ్వారు. అమ్మ నోరు విప్పితే మార్తమ్మ కుండ సంగతి బయటపడుతుంది, కులపెద్దలు వెలి అంటారు. నోరు మూసుకుంది. నడిచి తిరిగే నా ఒళ్ళే ఆ అబద్ధానికి సాక్ష్యమైపోయింది.

తర్వాతి కాన్పులో అమ్మకు జ్వరం తగిలింది. నీళ్ళు అడిగింది. నేను చెంబు తీసుకుపోతే చేతిలోంచి లాక్కున్నారు. జేజికి ప్రేమ లేదనుకునేరు, కళ్ళనీళ్ళు పెట్టుకునే అన్నది...

"ఓర్చుకోమ్మా. నీ కొడుకు ఓర్చుకోలేదా?"

నీళ్ళు లేకే పోయిందని రుజువు చేయలేను. అడుగుతూ అడుగుతూ పోయింది. అది మాత్రం చూశాను.

ఆ రోజుల్లో గదికి ఒకే కుండ ఉండేది. మొన్న మా తాలూకా ఆసుపత్రికి పోతే రెండున్నాయి. మార్తమ్మలాంటి వాళ్ళ చెయ్యి తగలని రెండోది మీలాంటి పెద్దమనుషులే అర్జీ పెట్టి తెప్పించుకున్నారట. ఎంత ముందుకు వచ్చామో చూడండి...

నేను అడిగేవి ఇవి.

ఆ రెండో కుండ తీసేయండి.

కోతకు ముందు "ఒక్కపొద్దు" అనకండి. ఏమీ తినకూడదు, తాగకూడదు అనండి. ఎందుకో కూడా చెప్పండి.

బాలింత మంచం పక్కన, ఆమె చెయ్యి అందేంత దగ్గర నీళ్ళు పెట్టండి.

మీ ఇంట్లో ఎవరు దప్పికతో అడిగి అడిగి పోయారో దాచకుండా ఈ పత్రికకు రాయండి.

ఈ పూట ఎవరు దాహమన్నా ముందు నీళ్ళు ఇవ్వండి. వాదన తర్వాత పెట్టుకుందాం.