‘ఒక చెట్టు’ అని రాసిన మాస్టారు

మాస్టారికి వాన గురించి అరవై రెండు మాటలు తెలుసు. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత... వరస పెట్టి చెప్పమంటే ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవాడు. అన్ని మాటలు తెలిసిన మనిషి వానాకాలమంతా తడిసి ముద్దయ్యే ఇంటికొచ్చేవాడు. గుమ్మం దిగేటప్పుడు ఒక్కసారి ఆకాశం వంక చూస్తే కదా, గొడుగు కావాలో అక్కర్లేదో తెలిసేది! చదవేస్తే ఉన్న మతి పోయిందని భార్య నవ్వుతూనే తువ్వాలు అందించేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

నిజానికి ఆయన మాస్టారేమీ కాదు, పిలుపు అలా స్థిరపడిందంతే, ఏ బళ్ళోనూ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. నిఘంటువు ఆఫీసులో ఉద్యోగం. మూడో అంతస్తు, చివరి గది. గోడ పొడుగునా సొరుగులు, సొరుగుల నిండా చీటీలు, చీటీకొక మాట. గాలులూ వానలూ కొండలూ, చెట్లూ తీగలూ గడ్డీగాదమూ, అన్నీ కలిపి ప్రకృతి సంపుటమంతా ఈయన వాటాకొచ్చింది. ఇరవై ఆరేళ్ళు అదే కుర్చీలో కూర్చుని రాశాడు. మాట, దాని మారుపేర్లు, ఎక్కడెక్కడ వాడారో, చివర అర్థం. ఆ అర్థం దగ్గర మాత్రం ఆయనకొక సులువు దొరికింది. ‘ఒక చెట్టు.’ ‘ఒక తీగ.’ ‘ఒక పూలమొక్క.’ మరీ అనుమానం వస్తే ‘ఒక విధమైన మొక్క.’ తప్పు పట్టేవాడెవడు? అబద్ధమైతే కాదు కదా.

ఊళ్ళ వెంట తిరిగి మాటలు సేకరించే ఉద్యోగిని ఒకావిడ ఉండేది. ఏ మొక్క పేరు రాసుకొచ్చినా, ఆ చీటీకి దాని ఆకునో పువ్వునో ఎండబెట్టి అంటించేది. అందుకని ఆఫీసంతా ఆవిణ్ణి ఆకుల మేడమ్ అనేవారు. ఆకులున్న చీటీలు లావయ్యాయి, సొరుగులు మూతపడటం మానేశాయి, పురుగు కూడా చేరింది. ఒక సెలవురోజు మాస్టారు పనిగట్టుకుని వచ్చి, పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కూర్చుని, ఆకులన్నీ పీకేసి రెండు గోతాలకెత్తించాడు. మర్నాడు ఆవిడ అడిగింది, ఎందుకిలా చేశారని. ‘మనది నిఘంటువమ్మా, పశువుల కొట్టం కాదు’ అన్నాడాయన. గదిలో అందరూ నవ్వారు. ఆవిడ మళ్ళీ ఆకులు తేలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు ఆయనకు తన హాస్యం మీద తనకే ముచ్చటేసింది.

రిటైరయ్యాక కూడా ఆ సంపుటం ఆయన్ని వదల్లేదు. అచ్చుకు వెళ్ళబోతోంది, ప్రూఫులు మీరే దిద్దాలన్నారు. ఇంటి వరండాలో బల్ల వేసుకుని దిద్దుతున్నాడు. కూతురు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పనిచేస్తుంది. అల్లుడు లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు. అందుకని పొద్దున్నే అయిదేళ్ళ పిల్లను తండ్రి దగ్గర దింపి, షిఫ్టు అయ్యాక తీసుకెళ్తుంది. ‘కాస్త చూస్తూ ఉండు నాన్నా’ అని రోజూ చెప్పే వెళ్తుంది. ఈయన ‘ఊఁ’ అంటాడు.

ఆ రోజూ అన్నాడు. ముసురు పట్టి ఉంది. పిల్ల గేటు దగ్గర చెట్టు కింద కాసేపు ఆడి, చేతిలో ఏదో పట్టుకుని బల్ల దగ్గరకొచ్చి, ‘తాతయ్యా, ఇదేంటి?’ అని మొహం ముందు పెట్టింది. ఆయన పెన్సిలు ఆపకుండా ‘కాయ’ అన్నాడు. ‘ఇది తీసుకోనా?’ అని కాగితాల మీద బరువుకు పెట్టిన ఇనుపదిమ్మ పట్టుకుంది. ‘ఊఁ’ అన్నాడు. గచ్చు మీద టకటకమని చప్పుడు మొదలైతే, పిల్ల ఆడుకుంటోంది, పీడా పోయిందనుకుని ఇంకో నాలుగు పేజీలు దిద్దాడు మహానుభావుడు.

తల తిప్పింది పిల్ల వాంతి చేసుకున్నప్పుడు. గచ్చు మీద పగిలిన పెంకులు, పిల్ల మూతి చుట్టూ తెల్లగా నురుగు. వెంటనే రెండోసారి, మూడోసారి కక్కింది. పిల్లను భుజాన వేసుకుని, చెప్పులైనా లేకుండా రోడ్డు మీదకు పరుగెత్తి, దొరికిన ఆటోలో దగ్గరున్న ఆసుపత్రికి చేరాడు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పిల్ల నాడి పట్టుకుంటూనే, ఏం తిందని అడిగింది. గేటు దగ్గర చెట్టు కింద ఆడుకుంటూ ఏదో కాయ తెచ్చి, పగలగొట్టి పప్పు తిన్నట్టుందన్నాడు.

“ఏ చెట్టుది? సరిగ్గా చెప్పండి. కొన్ని గింజలు కడుపును పడతాయి, వాటికి ఇక్కడే చూస్తాను. కొన్ని గుండెను పడతాయి. అదే అయితే నా దగ్గర సరైన మందు లేదు, పెద్దాసుపత్రికి పంపాలి, గంటన్నర దారి. ఇలా కక్కుతున్న పిల్లను ఊరికే అంతదూరం తిప్పలేను.”

మాస్టారు నోరు తెరిచాడు. ఆముదం, నేపాళం, గురివింద, ఉమ్మెత్త, ముష్టి, గన్నేరు, అడవి ఆముదం... మంత్రం చదివినట్టు పదకొండు పేర్లు చెప్పేశాడు. విషమొక్కల పేజీ పోయిన వారమే దిద్దాడు మరి, అన్నీ నాలిక చివరే ఉన్నాయి. డాక్టరమ్మాయి ఆయన వంక విచిత్రంగా చూసింది.

“నాకు పేర్లొద్దు. ఆ కాయ మీరు చూశారా లేదా?”

“చూపించింది,” అన్నాడు మాస్టారు. “నేను చూడలేదు.”

మీ గేటు దగ్గర ఉండే చెట్టే కదా, అది ఎలా ఉంటుందో చెప్పండి చాలు అందామె. పదిహేనేళ్ళ చెట్టది. దాని పక్కనుంచే రోజూ లోపలికీ బయటికీ తిరిగాడు. ఆకు వెడల్పా, సన్నమా? పువ్వు ఏ రంగు? కళ్ళు మూసుకుని గేటు తలుచుకుంటే గేటు కనపడింది, దాని గొళ్ళెం కనపడింది, పక్కన పచ్చగా ఏదో ఉంది. అంతే. ‘ఒక చెట్టమ్మా’ అనబోయి, ఆ మాట తన చెవికే చేదుగా తగిలి ఆగిపోయాడు.

కూతురికి ఫోను చేస్తే తియ్యలేదు. తియ్యదు. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టెలో పడేసి లోపలికెళ్తారు. ఇంకెవరు? సిగ్గు అడ్డొచ్చింది, అయినా పిల్ల ప్రాణం ముందు సిగ్గేమిటి. ఆకుల మేడమ్ నంబరు నొక్కాడు. పదేళ్ళయింది ఆవిడతో మాట్లాడి. ఏడుపు గొంతుతో రెండు ముక్కలు చెప్పాడో లేదో, ఆవిడకు మొత్తం అర్థమైంది. ఆయన్ని ఒక్క మాటైనా అనలేదు.

“మాస్టారూ, చెట్టు దగ్గరికెళ్ళండి. అక్కడ నిలబడి మళ్ళీ చెయ్యండి.”

పిల్లను నర్సు చేతిలో పెట్టాడు. అది ‘తాతయ్యా, వెళ్ళకు’ అని చొక్కా పట్టుకుంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకోవాల్సి వచ్చింది. ఆటోలో దారి పొడుగునా దేవుడా దేవుడా అంటూనే ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆ సామెతకు కూడా చీటీ రాసిన మనిషే. ఇప్పుడు నిజంగానే ఆకు కోసం పరుగెడుతున్నాడు.

వానలో చెట్టు కింద నిలబడ్డాడు. ఆవిడ ఒక్కొక్కటే అడిగింది. ఆకు? సన్నగా, పొడుగ్గా, కొస తేలి ఉంది. మెరుస్తోందా? మెరుస్తోంది. పువ్వు? కళ్ళజోడు మీద నీళ్ళు కారుతుంటే అది తీసి పారేసి, కొమ్మ మొహం మీదికి వంచుకున్నాడు. పసుపుపచ్చ, గంటలా ఉంది. కాయ? ఆకుపచ్చగా, మూలలు తేలి, మధ్యలో గట్టు కట్టినట్టుంది. ‘ఆకు తుంచండి’ అంది. తుంచాడు. తెల్లగా పాలు వేలి మీదికి కారాయి.

“పచ్చగన్నేరు,” అంది ఆకుల మేడమ్. “గుండెను పట్టేదే మాస్టారూ. పరుగెత్తండి.”

ఆ పేరు ఆయనకు తెలియనిదా? దానికి మారుపేర్లు నాలుగు తెలుసు. అర్థం ఆయనే రాశాడు, ఒక పూలచెట్టు అని. డాక్టరుకు వెంటనే ఫోను చేసి చెప్పాడు, కొమ్మ విరుచుకుని ఆటో ఎక్కాడు. ఈయన వెళ్ళేసరికి అంబులెన్సు తయారుగా ఉంది. పిల్ల మగతగా పడి ఉంది. నాడి బాగా తగ్గిపోతోందని చెప్పి, ముప్పావుగంట వృథా అయిందని డాక్టరమ్మాయి తనలో తను అనుకున్నట్టు అంది. ఆ మాట ఆయన గుండెలో దిగబడిపోయింది.

పెద్దాసుపత్రిలో ఆ సాయంత్రం, ఆ రాత్రి, మర్నాడు పగలు ఎలా గడిచాయో చెప్పడం నావల్ల కాదు. తలుపుకున్న అద్దంలోంచి పిల్ల మంచం పక్కన మిషను మీద అంకెలు కనపడేవి. యాభై, నలభై ఎనిమిది, నలభై నాలుగు. మాస్టారు ఆ అద్దం వదిలి కదల్లేదు. అంకె తగ్గినప్పుడల్లా తలుపు చెక్కను గోళ్ళతో గీరేవాడు. నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్ అని పైకే అన్నాడు రెండుసార్లు, వరండాలో జనం తిరిగి చూశారు. షిఫ్టు దిగాక కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన కూతురు బెంచీ మీద దారాలంటిన బట్టలతోనే కూర్చుంది. ఏడవలేదు. అడిగితే ఏం చెప్పాలా అని ఈయన చస్తూ బతుకుతున్నాడు.

రెండో రోజు మూడుగంటలకు డాక్టరు బయటికొచ్చి, గండం గడిచింది, గుండె దార్లో పడిందని చెప్పాడు. కూతురు అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, తండ్రి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. నువ్వేం చేస్తావు నాన్నా, చిన్నపిల్లలు కళ్ళుగప్పి ఏదో ఒకటి చేస్తారు, నీ తప్పేముంది, ఊరుకో అంది.

ఆ మాట పట్టుకుని ఆయన ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఆ చేతిని అలా ఉంచుకోవడం ఆయనవల్ల కాలేదు.

“కళ్ళుగప్పలేదు తల్లీ. నా దగ్గరికే తెచ్చింది. ఇదేంటని అడిగింది. నేను తలెత్తలేదు.”

కూతురు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేదని ఆయనకనిపించింది.

“నేను కూడా తెచ్చేదాన్ని నాన్నా. ఆకులు, రాళ్ళు, ఏవేవో. నువ్వు తలెత్తేవాడివి కాదు. నాకైతే అప్పుడు చూసుకోవడానికి అమ్మ ఉండేది.”

లేచి పిల్ల దగ్గరికి వెళ్ళింది.