మేడ మీద గదిలో లెక్కల టీచర్

మా టీచర్ గారు పోయారన్న కబురు అందేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. ఎల్బీనగర్‌లో నేను ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఆసుపత్రిలో, వార్డులో ఫ్యాన్ బిగిస్తున్నాను. "అమ్మ ఇక లేదండీ, నిద్రలోనే పోయింది," అంది ఆవిడ కూతురు ఫోన్‌లో. కిందికి దిగాను. మంచం మీద పెద్దాయన ఒకరు చెమటతో తడిసిపోతున్నారు. మళ్లీ ఎక్కి ఫ్యాన్ బిగించాకే బయల్దేరాను. పని సగంలో వదిలేసి వస్తే ఆవిడ ఒప్పుకునేవారు కారు.

ఆవిడది కృష్ణా జిల్లా వైపు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్ సందులో, మేడ మీద గదిలో, బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లకు ఓపెన్ స్కూల్ పదో తరగతి పాఠాలు చెప్పేవారు. చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులే. మా గదికి బోర్డు లేదు. మధ్యాహ్నం దుకాణాల్లో గిరాకీ తగ్గే వేళకి క్లాసు మొదలయ్యేది.

మా ఊళ్లో బడి ఎనిమిదితో సరి. పక్క ఊరికి నన్ను పంపలేదు. పెళ్లయి చంపాపేట్ వచ్చాక చీరల షాపులో చేరాను. ఆవిడ అక్కడికి చీర కొనడానికి వచ్చారు.

"ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఎనిమిది దాంక మేడం. ఆగిపోయింది."

"ఎనిమిదా? అయితే ఇంక రెండే కదా మిగిలింది!"

నా చదువు ఎక్కడ తెగిపోయిందో అందరికీ తెలుసు. ఎంత మిగిలిందో చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

ఆవిడ ఎర్ర పెన్ను వాడేవారు కాదు. తప్పు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, "ఇక్కడోసారి చూడమ్మా," అనేవారు. తప్పు మేమే పట్టుకునేదాకా పక్కనే నిలబడేవారు, మోకాళ్లు నొప్పిగా ఉన్నా సరే.

మొదటిసారి లెక్కల్లో ఫెయిలయ్యాను. సిగ్గుతో క్లాసుకు పోవడం మానేశాను. వారం తిరక్కుండా టీచర్ గారు మా ఇంటికే వచ్చారు. మా అత్తమ్మ కుర్చీ వేసింది కానీ ముఖం ముడుచుకునే ఉంది.

"ఒకపారి ఫెయిలైంది సాలదా మేడం? గిప్పుడు సదివి ఏం జేస్తది?"

"బస్సు తప్పిపోతే ఇంకో బస్సు ఎక్కుతామండీ. ప్రయాణం మానుకోం కదా."

"ఆడ ఏం జెప్తున్నరో మాకెట్ల ఎరుక?"

"అయితే రేపు మీరూ రండి. కూర్చుని చూడండి. నచ్చకపోతే మీ కోడల్ని తీసుకెళ్లిపోండి."

అత్తమ్మ నిజంగానే వచ్చింది. నా మీద కన్నేసి ఉంచడానికే వచ్చి, చేతులు కట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. టీచర్ గారు ఆమె ముందు ఒక పలక పెట్టారు. ఆ రోజు అత్తమ్మ దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకుంది. ఎండాకాలం వచ్చేసరికి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటోంది. ఒక ఆదివారం చర్చిలో బైబిల్ తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి, ఒక్క వాక్యం పైకి చదివింది. మధ్యలో తడబడింది గానీ ఆపలేదు. ఆ సంగతి చెప్తే టీచర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు రెండో వాక్యం," అన్నారు.

రెండోసారి పరీక్షకు పోలేనని నేను మంచం దిగకపోతే, లేపి పంపింది అత్తమ్మే. "ఫెయిలైతే ఏమైతది? మల్ల రాస్తవ్. నడువ్!"

పాసయ్యాను. ఐటీఐలో కరెంటు పని నేర్చుకుంటానంటే, టీచర్ గారు నా వెంట వచ్చారు. అక్కడి గుమాస్తా, "ఆడోళ్లకు కుట్టుపని మంచిగుంటది మేడం," అన్నాడు.

"ఆ అమ్మాయి ఏమడిగిందో అదే రాయండి," అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. అతను రాసేదాకా బల్ల ముందు నుంచి కదల్లేదు.

బయటికొచ్చాక నన్ను అడిగారు: "భయంగా ఉందా?"

"జర ఉంది మేడం."

"ఉండనీ. భయమున్నవాళ్లే కరెంటు దగ్గర జాగ్రత్తగా ఉంటారు."

ఉద్యోగం వచ్చాక, డ్యూటీ లేని రోజుల్లో నేనూ ఆ గదికి వెళ్లి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ వెనక కూర్చుని వినేవారు. నేను తొందరపడితే చెయ్యెత్తి, "టీచర్, నాకు అర్థం కాలేదు," అనేవారు. అందరం నవ్వేవాళ్లం. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని.

అంత్యక్రియలు అయిన మర్నాడు ఇంట్లో ఊరికే కూర్చున్నాను.

"ఇయ్యాల క్లాసు లేదా?" అంది అత్తమ్మ.

"మేడమే లేరు గదత్తమ్మా."

"మేడం లేకుంటే పరీచ్చలు ఆగుతయా? లే."

వెళ్లేసరికి అందరూ వచ్చే ఉన్నారు. ఆవిడ సగంలో ఆపిన పాఠమే బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. ఇంతలో గుమ్మం దగ్గర, చంకలో బిడ్డతో ఒక అమ్మాయి నిలబడింది. నల్ల చుడీదార్, మెట్లెక్కిన ఆయాసం.

"అక్కా, ఈడ సదువు ఆపేసినోళ్లకు జెప్తరంట గదా?"

"చెప్తం. లోపలికి రా."

మొదటి బెంచీలో కూర్చుంది. ఆమెకు నోటుపుస్తకం, పెన్సిల్ అందిస్తుంటే బిడ్డ నా చేతిలోని సుద్దముక్క లాక్కుని, పిడికిట్లో నలిపి, తల్లి భుజం పట్టుకుంది. నల్లటి బట్ట మీద ఐదు తెల్లటి వేళ్లు పడ్డాయి. ఆమె చూసుకోలేదు. అప్పటికే తలవంచి రాసుకుంటోంది.