కన్యకమ్మ బిస్కెట్ల గొట్టం

యాడికి అనే ఊళ్లో చిన్న అంగడి నడిపే కన్యకమ్మకు, రెండువేల ఒకటిలో పుట్టపర్తికొచ్చిన జర్మనీ ఆవిడ పువ్వుల ఆకారంలో బిస్కెట్లు ఒత్తే గొట్టం ఇచ్చింది. మురుకుల గొట్టానికి తోబుట్టువే అది. నేను తిరిగిన ఊళ్లలో పిండికి ఆకారం తొడగని వంటిల్లు చూడలేదు. ఆమె పిండి కలుపుకొని బేకరీ మస్తాన్ దగ్గరికి పోయింది. అప్పుడు నేనక్కడే కూర్చొని టీ తాగుతున్నాను.

“పువ్వులు పడకుంటే ఇంగ నా బట్టీ అడగొద్దు పెద్దమ్మా!” అన్నాడతను. బట్టీ లేకుంటే ఆమె అంగట్లో బిస్కెట్లు లేనట్టే.

అలవాటుగా ట్రేకు నెయ్యి పూసి ఒత్తింది. పిండి గొట్టాన్నే పట్టుకొని పైకి లేచింది. మస్తాన్ పకపకా నవ్వాడు.

“నెయ్యికి జారతాండాది. పట్టు యాడుంటాది?” అంటూ కన్యకమ్మ ట్రేను పొడిగా తుడిచి మళ్లీ ఒత్తింది. గొట్టం ఎత్తగానే పువ్వు! పక్కన ఇంకొకటి, ఇంకొకటి! టీ గ్లాసు వదిలేసి నేనూ లేచి నిలబడ్డాను.

“ఏమప్పా, చూస్తావేమి? బట్టీలోకి తొయ్!” అంది మస్తాన్‌తో.