ముగ్గురికీ ఒకే పాఠం

మా నడిపివాడు వాగులో కొట్టుకుపోబోయిన రోజున మా పిల్లల బడి ఆగిపోయింది.

అప్పుడు మేం మాచర్లకూ దుర్గికీ నడుమ నాపరాళ్ల క్వారీ దగ్గర ఉండేవాళ్లం. మా ఆయన లారీ డ్రైవరు. క్వారీలో తీసిన రాళ్లు గుంటూరుకీ బెజవాడకీ తోలేవాడు. మా ఇల్లు రెండు గదులు. గోడలు రాయి, కప్పు రాయి, నేల రాయి. ఊళ్లో బడికి పోవాలంటే పిల్లలు మూడు మైళ్లు నడిచి, మధ్యలో వాగు దాటాలి. ఆ బడిలో అయిదు తరగతులకూ ఒక్కరే పంతులు. ఆయనకు జ్వరమొస్తే బడికీ జ్వరమే.

ఆ రోజు పైన ఎక్కడో వాన పడింది. మా దగ్గర ఎండ కాస్తూనే ఉంది. పిల్లలు మోకాలి లోతు నీళ్లలో దిగారు. నడుమకు వచ్చేసరికి నీళ్లు పెరిగాయి. పెద్దపిల్ల చిన్నదాన్ని చంకనేసుకుని గట్టెక్కింది గానీ ఎనిమిదేళ్ల నడిపివాడి కాళ్లు తేలిపోయాయి. అవతల గట్టున గొడ్లు మేపుకునే ఆయన దూకి, వాడి చొక్కా పట్టుకుని లాగాడు. ఆయనెవరో, ఏ ఊరో కూడా మాకు సరిగా తెలియదు. మా అత్త ఆయన కాళ్లకు దణ్ణం పెట్టబోతే, "ఊరుకో అవ్వా, నా గొడ్లు పోతున్నయ్యి" అని వెళ్లిపోయాడు.

"చదువు పోతే పోయింది, పిల్లలు ఉండనీ" అన్నాడు మా ఆయన.

"నేను చెబుతా ఇంట్లో. టెన్త్ చదివా గదా" అన్నాను నేను.

ఆ మాట అని నేనే ఉలిక్కిపడ్డాను. ఎందుకో తర్వాత చెబుతాను.

పెద్దపిల్లకు పదేళ్లు, నాలుగు పూర్తయింది. నడిపివాడికి రెండు పూర్తయింది. చిన్నదానికి అయిదేళ్లు, అక్క చంకలో బడికి వెళ్లి రావడమే దాని చదువు. మా ఆయన నరసరావుపేట మీదుగా వచ్చేటప్పుడు ముగ్గురి తరగతులకూ పాత పుస్తకాలు సంచీలో వేసుకొచ్చాడు. గూట్లో వరుసగా పెట్టుకుని మురిసిపోయాను. బడిలో ఎట్లా జరుగుతుందో అట్లాగే జరపాలని నా పట్టుదల. పొద్దున లెక్కలు, తర్వాత తెలుగు, తర్వాత సైన్సు, మధ్యాహ్నం సోషలు. ఎవరి పుస్తకం వాళ్లకు, ఎవరి పాఠం వాళ్లకు.

నెల తిరిగేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. చిన్నదాని చేత అక్షరాలు దిద్దిస్తుంటే నడిపివాడు బయట కుక్కపిల్లతో ఉండేవాడు. వాణ్ణి పట్టుకొచ్చి ఎక్కం చెప్పిస్తుంటే చిన్నది పలక మీద ఉమ్మేసి తుడిచేసేది. పెద్దపిల్ల పుస్తకం తెరుచుకుని, వేలు ఒక చోట పెట్టి, నా వంతు ఎప్పుడా అని చూస్తూ కూర్చునేది. దాని వంతు వచ్చేసరికి పొయ్యి మీద కూర అడుగంటేది. ఒకరోజు నడిపివాణ్ణి గరిటెతో కొట్టాను. వాడి చెయ్యి వాచింది. వాడు ఏడవలేదు. "వాగే నయం" అన్నాడు.

ఆ మాటకు గరిటె అక్కడే పడేశాను. వెళ్లి వెనక గుమ్మంలో కూర్చున్నాను. మా అత్త గోంగూర ఒలుస్తూ అంతా చూస్తూనే ఉంది. ఆమెకు ఒక్క అక్షరం రాదు. వేలిముద్రే.

"ఏమే పిల్లా, ముగ్గురికీ మూడు కూరలు వండుతావా ఏంది రోజూ?" అంది.

"లేదత్తా."

"ఒకటే గదా వండేది. చిన్నదానికి నెయ్యేసి పెడతావు, పెద్దదానికి కారం కారంగా పెడతావు. మరి చదువు మూడు పొయ్యిల మీద ఎందుకు ఎక్కిచ్చినవు?"

అప్పుడు పెద్దామెకేం తెలుసులే అనుకున్నాను. కానీ ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే ఆ మాటే చెవిలో తిరిగింది.

మర్నాడు లెక్కల పుస్తకం తప్ప మిగతావి గూట్లో ఉంచేశాను. ముగ్గుర్నీ వెంటబెట్టుకుని క్వారీ అంచుకు వెళ్లాను. అక్కడ రాయి పొరలు పొరలుగా, పేర్చిన దోసెల్లా ఉంటుంది. "ఇది ఎట్లా వచ్చిందో చెప్పండి" అన్నాను. చిన్నది దేవుడు పేర్చాడంది. నడిపివాడు బురద ఎండి రాయి అయిందన్నాడు. పెద్దపిల్ల ఇంటికి పరుగెత్తి, తన సైన్సు పుస్తకంలో రాళ్ల పాఠం తీసుకొచ్చి పైకి చదివింది. వాడు చెప్పింది ఇంచుమించు నిజమే. వాడి ముఖం వెలిగిపోయింది. ఆ సాయంత్రం చిన్నది 'రాయి' అని రాసింది, నడిపివాడు అయిదు వాక్యాలు రాశాడు, పెద్దది పేజీ నిండా రాసింది. పాఠం ఒకటే.

అట్లా మొదలైంది. కాలువకు నీళ్లు వదిలిన వారం సాగర్ డ్యామ్ గురించి చదువుకున్నాం. మా ఆయన ఖాళీ లారీలో విజయపురి సౌత్ దాకా తీసుకెళ్లి డ్యామ్ చూపించాడు. వాళ్ల నాన్న వెళ్లే ఊళ్లన్నీ నేల మీద బొగ్గుతో గీసి, నదులూ రైలుపట్టాలూ పెట్టాం. లెక్కలొక్కటే ఎవరివి వాళ్లకు. అవి కూడా చానా వరకు రాయి కొలతలే. వాళ్లు మళ్లీ నవ్వుతూ కూర్చోవడం చూసి నేను పొద్దున లేవగానే ఈ రోజు ఏం చెప్పాలా అని ఉత్సాహపడేదాన్ని. క్వారీలో రాయి కొట్టే ఆడవాళ్లు మజ్జిగ తాగడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి వినేవాళ్లు.

నేను వంట చేసే వేళ చిన్నదానికి పెద్దపిల్లే చెప్పేది. నాకంటే ఓపిగ్గా చెప్పేది. రెండేళ్లు గడిచాయి.

ఆ రెండో ఏడు వేసవికి ముందు వాగు మీద చప్టా కట్టారు. మాచర్ల నుంచి మా క్వారీ మలుపు దాకా బస్సు రావడం మొదలైంది. ఇక పిల్లల్ని మాచర్లలో చేర్పిద్దామన్నాడు మా ఆయన. ముగ్గురికీ తలస్నానం చేయించి, తలలు దువ్వి బయల్దేరదీశాను.

ఒకే ఆవరణలో చిన్న బడీ పెద్ద బడీ ఉన్నాయి. హెడ్మాస్టరుగారు కాస్త గట్టి మనిషి, కానీ పిల్లలతో మెత్తగా మాట్లాడారు. చిన్నదాని చేత చదివించారు. గడగడా చదివేసింది. రెండులో వేస్తానన్నారు. నడిపివాణ్ణి భూమి ఎట్లా తిరుగుతుందో అడిగితే, వాడు ఆయన బల్ల మీది పేపరువెయిటు తీసుకుని చేసి చూపించాడు. ఆయన నవ్వి, అయిదులో వేస్తానన్నారు.

తర్వాత పెద్దపిల్లను పిలిచారు. లెక్కలు ఇచ్చారు, చేసింది. తెలుగు వ్యాసం రాయమన్నారు, ఆయన చదివి తల ఊపారు. అప్పుడు ఆరో తరగతి ఇంగ్లీషు పుస్తకం దాని ముందు పెట్టారు.

అది పుస్తకం వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఏబీసీడీలు వచ్చు సార్" అంది.

"అంతేనా?"

"అంతే సార్."

ఆయన పుస్తకం మూసి నాతో అన్నారు. "అమ్మా, పిల్ల తెలివైంది. కానీ ఏడులో వేయలేను. హిందీ అయితే ఎట్లాగో లాక్కొస్తుంది, ఇంగ్లీషు ఒక ఏడాది పాఠం పోయిందంటే కష్టం. ఆరులో కూర్చోబెడదాం."

ఒక ఏడాది పోయింది. అది కూడా పెద్దపిల్లది. చెల్లికి అక్షరాలు నేర్పినదీ, తమ్ముడి లెక్కలు దిద్దినదీ అదే. లారీలో ఇంటికి వస్తుంటే అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "ఆరైతే ఏంలే అమ్మా" అంది ఒకసారి. ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చాక దాన్ని వెనక గుమ్మంలోకి తీసుకెళ్లి చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి. నేను టెన్త్ చదివాను. పాసవలేదు. ఇంగ్లీషులో తప్పాను. మళ్లీ కట్టకుండానే పెళ్లయింది. అందుకే రాళ్లూ కాలువలూ అన్నీ చెప్పాను గానీ, ఇంగ్లీషు పుస్తకం మాత్రం గూట్లోంచి తీయలేదు. చిన్నవాళ్లకు ఇంగ్లీషు అక్కర్లేదు గదా, ముగ్గురికీ కలిసే పాఠమైతే చాలు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నా భయం దాని ఏడాదిని తినేసింది.

అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నీకూ రాదా?" అంది ఆశ్చర్యంగా. తర్వాత, "అయితే ఇద్దరం నేర్చుకుందామా?" అంది.

మర్నాడే మా ఆయన్ని మళ్లీ బడికి పంపాను. బళ్లు తెరిచే రోజు ఇంకోసారి పరీక్ష పెడతారా అని అడిగించాను. హెడ్మాస్టరుగారు సరేనన్నారు. ఇక చెప్పేవాళ్లు కావాలి. చప్టా అవతల ఊళ్లో, నడికుడిలో రైల్వే గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఊళ్లోవాళ్లు ఆయన కోపానికి భయపడి ఆ వీధిన పోయేవాళ్లు కాదు. మా ఆయనకు ఆయనతో కాస్త పరిచయం. నేను వెళ్లి అరుగు కింద నిలబడి సంగతి చెప్పాను.

"నేర్చుకునేది ఎవరు?" అన్నారాయన.

"మా అమ్మాయి, బాబాయ్‌గారూ." తర్వాత, "నేను కూడా" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "పొద్దున ఆరింటికి రండి. ఆలస్యమైతే బండి ఆగదు" అన్నారు.

ఆ వేసవి రెండు నెలలూ మా ఆయన లారీ తీసేటప్పుడు మమ్మల్ని ఆ ఊళ్లో దింపేవాడు. లారీ లేని రోజు చీకటితోనే నడిచేవాళ్లం. ఎనిమిదిన్నరకు పాఠం ముగించి, ఎండ ముదరకముందే నా చెంగు ఇద్దరి నెత్తినా కప్పుకుని తిరిగొచ్చేవాళ్లం. ఇంట్లో మిగతా ఇద్దర్నీ వంటనూ మా అత్త చూసేది. ఒక్కరోజు కూడా ఎందుకిదంతా అనలేదు. మేం వచ్చేసరికి మా ఇద్దరికీ చెంబుల్లో మజ్జిగ, ఉల్లిపాయ ముక్క పెట్టి ఉంచేది.

పెద్దాయన గట్టిగా అరిచేవారు. కానీ కోపంతో కాదు, ఆయన గొంతే అంత. ముప్ఫయ్యేళ్లు రైలు చప్పుడు మీద మాట్లాడిన గొంతు. వాక్యంలో వెర్బు లేకపోతే, "ఇంజను ఏదీ? పెట్టెలన్నీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నయ్యి!" అనేవారు. నేను తప్పు చదివితే మా అమ్మాయి దిద్దేది, అది తప్పితే నేను. వారం తిరిగేసరికి అది నన్ను దాటిపోయింది. దారిలో కనబడ్డ ప్రతిదానికీ ఇంగ్లీషు అడిగేది. తెలియనివి ముంజేతి మీద పెన్నుతో రాసుకుని మర్నాడు ఆయన్ని అడిగేది. ఇరవయ్యేళ్ల కిందట నన్ను భయపెట్టిన భాష, అమ్మాయి పక్కన నడుస్తుంటే మామూలు మాటల్లాగే వినబడింది.

జూన్‌లో మళ్లీ హెడ్మాస్టరుగారి ముందు కూర్చున్నాం. ఆయన ఇంగ్లీషు పుస్తకంలో నడిమి పేజీ తీసి ఇచ్చారు. అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. ఒక పెద్ద మాట దగ్గర ఆగింది. నా నోరు ఊరుకోలేదు. బెంచీ మీద నుంచే ఆ మాట పైకి అనేశాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

"ఏమ్మా, మీరు కూడా ఏడులో చేరతారా?" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన నవ్వుతున్నారు. "పిల్లను చదవనివ్వండి." అది పేజీ పూర్తి చేసింది. అడిగిన నాలుగు ప్రశ్నల్లో మూడింటికి ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. ఆయన రిజిస్టరు దగ్గరకు లాక్కుని ఏడు అని రాశారు.

బయట వేపచెట్టు కింద మా ఆయన లారీ టైరు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. మా ముఖాలు చూడగానే అడగకుండానే తెలిసిపోయింది. లారీ ఎక్కి హారను మోగించాడు. బడి వాచ్‌మన్ తిట్టాడు.

ఇన్నేళ్ల తర్వాత ఆ రెండేళ్లను తలుచుకుంటే నేను చేసిన తప్పూ గుర్తొస్తుంది, కానీ దానికంటే ముందు మనుషులు గుర్తొస్తారు. పేరు చెప్పకుండా గొడ్ల వెంట వెళ్లిపోయిన మనిషి. అక్షరం రాకుండానే నాకు పాఠం చెప్పడం నేర్పిన మా అత్త. తన ఏడాది పోయిందని తెలిసీ నన్ను వేలెత్తి చూపని పన్నెండేళ్ల పిల్ల. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా నా పిల్లల చదువు ఎట్లా ఉండేదో ఊహించలేను.

బళ్లు తెరిచిన మూడో వారంలో, ఒక ఆదివారం పొద్దున, పెద్దాయన బస్సు దిగి చేతికర్రతో మా ఇంటికి నడిచొచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మా అత్త కంగారుగా మంచం వాల్చింది. నేను చేటలో శేరు వేరుశెనక్కాయలు పోసి ఇవ్వబోతే, అవి పక్కన పెట్టించారు.

"ఫీజు అడగడానికి రాలేదు అమ్మాయ్. పెద్దది పట్టాలెక్కింది. మిగతా ఇద్దరి సంగతేంది?"

నడిపివాడు వెనక గోడ దూకబోయాడు. వాళ్లక్క రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. చిన్నది తనంతట తానే పలక తెచ్చుకుంది. ముగ్గురూ మంచం ముందు వరుసగా కూర్చున్నారు. నేను పొయ్యిలో మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, నా పుస్తకం తీసుకుని వాళ్ల పక్కన కూర్చున్నాను.