సున్నం కింద నాలుగు వేళ్ళు

2009లో నేను హెర్న్‌డన్‌లోని ఒక చిన్న ఇంజనీరింగ్ ఆఫీసులో పాత కట్టడాల మరమ్మతులు చూసేదాన్ని. వర్జీనియాలో ఈ పనికి కరువుండదు. ఏ మూలకి వెళ్ళినా ఎవరో ఒక అధ్యక్షుడి ఇల్లు తగులుతుంది. ఆ వసంతంలో నాకు అప్పగించింది తొలినాటి అధ్యక్షుల్లో ఒకాయన ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. దాని నేలమాళిగలో వంటగది గోడకి చెమ్మ పట్టింది.

ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఆ గోడకి సిమెంటు మెత్తి పోయాడు. సిమెంటు పాత ఇటుకలోని తేమని బయటికి పోనివ్వదు, ఇటుక లోపల్లోపలే పొడైపోతుంది. దాన్ని ఊడగొట్టి, మొదట్లో ఉన్నట్టే సున్నం పూయాలి. ఊడగొడుతుంటే పొయ్యి పక్కన ఒక ఇటుక మీద నాలుగు వేళ్ళ గుర్తులు బయటపడ్డాయి. చిన్నపిల్లల వేళ్ళు. పచ్చి ఇటుకల్ని ఎండలో తిరగేసే పని ఆ రోజుల్లో బానిసల పిల్లలది.

మ్యూజియం చూసుకునే క్యూరేటర్, మిస్ డెలోరిస్ అనే ఆవిడని పిలిపించాడు. డెబ్భై దాటిన రిటైర్డ్ టీచరు. ఆవిడ పూర్వీకులు ఈ ఇంట్లోనే బానిసలు. ఆ గుర్తుల్లో తన వేళ్ళు పెట్టబోయింది. చిటికెన వేలి కొస తప్ప ఏదీ పట్టలేదు.

"పై హాల్లో ఆయన కూతుళ్ళవీ మనవలవీ గోడ నిండా పటాలున్నాయి. మావాళ్ళది ఈ ఇంట్లో ఇదొక్కటే. దీన్ని మూసెయ్యరు కదమ్మా?" అంది నాతో.

మూసెయ్యాలి. మా వృత్తిలో 'పీరియడ్ ఆఫ్ సిగ్నిఫికెన్స్' అని ఒకటుంది. చారిత్రక కట్టడాన్ని ఏ కాలంలో ఉన్నట్టు నిలబెట్టాలో ముందే ఎంచుకుంటారు, తక్కినవన్నీ దానికి లొంగాల్సిందే. ఇక్కడ ఎంచుకున్నది ఆయన పదవి దిగి ఇంటికొచ్చిన ఏడాది. ఆ ఏడాది ఈ గోడకి పూత ఉంది. అందుకని ఇప్పుడూ ఉండాలి. పూతలో చిన్న కిటికీలాంటి ఖాళీ వదుల్దామని నేను డ్రాయింగ్ గీసిచ్చాను. మ్యూజియం బోర్డు ఒప్పుకోలేదు.

ఇంట్లో మా ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. "నిన్ను హైర్ చేసింది చెమ్మ ఆపడానికే, వాళ్ళ చరిత్ర సరిదిద్దడానికి కాదు కదా! అంత మనసుకి తీసుకోకు," అన్నాడు. మంచికే అన్నాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

క్యూరేటర్ చెడ్డవాడేం కాదు. ఇటుకని ఊడదీసి గాజు పెట్టెలో పెడదామన్నాడు. మిస్ డెలోరిస్ ఒప్పుకోలేదు.

"తీస్తే అదొక వస్తువైపోతుంది. గోడలో ఉంటే ఆ బిడ్డ కట్టిన ఇల్లవుతుంది. మూసెయ్యండి. పూత వేసే రోజు నన్ను పిలవండి, చాలు," అంది.

పిలిచాను. మొదటి పూత వేశాక, అది పచ్చిగా ఉండగానే గీతలు గీస్తారు. గరుకుగా ఉంటేనే పై పూత పట్టుకుంటుంది. దాన్ని 'స్క్రాచ్ కోట్' అంటారు. మా మేస్త్రి దువ్వెనలాంటి పనిముట్టుతో గోడంతా గీసి, ఆ ఇటుక మీద మాత్రం ఆపి, నావంక చూశాడు. నేను మిస్ డెలోరిస్‌కి గ్లౌజు ఇవ్వబోయాను. అక్కర్లేదంది. వట్టి చేత్తో, నాలుగు వేళ్ళతో, పైనుంచి కిందికి మెల్లగా గీసింది.

"గరుకైందా?" అని అడిగింది మేస్త్రిని.

"బాగా పట్టుకుంటుంది మేడమ్," అన్నాడతను. మరో వారంలో పై పూత వేసి నున్నగా చేశాం. అక్కడ ఏదో ఉందని ఇక ఎవరూ కనిపెట్టలేరు. పని ఎంత చక్కగా కుదిరిందో అంత బాధేసింది.

అప్పట్నుంచి ఏ ఇంటి పనికైనా, మొదటి మీటింగులో ఏ ఏడాదిని ఎంచుకున్నారని అడగడంతో ఊరుకోను. ఆ ఏడాది ఆ ఇంట్లో ఇంకెవరెవరు ఉన్నారని కూడా అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మిస్ డెలోరిస్ పోయిందని తెలిశాక, 2014లో టికెట్ కొనుక్కుని ఆ ఇంటికి వెళ్ళాను. వంటగదిలో గైడ్ అధ్యక్షుడుగారికి ఏ కూరలిష్టమో చెబుతోంది. నేను పొయ్యి పక్కకి జరిగి గోడ మీద చెయ్యి వేయబోయాను. "ప్లీజ్, గోడలు ముట్టుకోకండి, ఇవి చాలా విలువైనవి," అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.