నాన్న తాడు చుట్ట

పచ్చి వెదురు కోసిన వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

నాన్న మిలటరీలో చేసి వచ్చి, రాయ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో చేరాడు. మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ ఇంట ఎవరు పోయినా, ఊరి నుంచి చుట్టాలు రైలెక్కి వచ్చేలోగా పాడె కట్టేది ఆయనే. అందరికీ ఫౌజీ బాబాయ్. తలుపు వెనక మేకుకి వేలాడే కొబ్బరి తాడు చుట్టని భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఆ తాడు వెళ్ళిన ఇంట్లో మనిషి చచ్చిపోతాడని నేననుకునేదాన్ని.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మకి కామెర్లు ముదిరాయి. తాడు తీసి బియ్యం డబ్బాలో కూరి, పైన బియ్యం కప్పేశాను. మూడో రోజు పొద్దున్నే అమ్మ పోయింది.

నాన్న ఖాళీ మేకు వైపు చూశాడు. తర్వాత, డబ్బా మీద ఎక్కి కూర్చున్న నా వైపు.

"తాడు ఇందులో పెట్టావా అమ్మా?"

"ఇవ్వను. ఇస్తే అమ్మ చచ్చిపోద్ది."

ఆయన నన్ను ఎత్తి కిందికి దించాడు. అమ్మ పాడెకి ముడి వేసినప్పుడల్లా తాడులోంచి బియ్యం గింజలు రాలాయి.

ఆ తర్వాత కూడా ఆయన పాడెలు కట్టాడు. కానీ గడప దాటే ముందు నా దగ్గర ఆగి, "మనిషి పోయాకే పిలిచారమ్మా" అని చెప్పి వెళ్ళేవాడు. నేను కాలేజీకి వచ్చినా ఆ మాట మానలేదు. విసుక్కునేదాన్ని.

ఆయన పోయిన రోజు మేకు మీంచి తాడు తీసిచ్చింది నేనే. ఇచ్చే ముందు ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చూసుకున్నాను.